తెర మీద ఇంటిపేరు

మొదటి షార్ట్ ఫిల్మ్‌కి కథ ఎక్కువగా సొంత ఇంట్లోనే దొరుకుతుంది. దీనికి కళ కంటే ముందు ఖర్చు కారణం. ఇంటికి అద్దె లేదు, అమ్మకి పారితోషికం లేదు, అనుమతి కోసం తిరగాల్సిన ఆఫీసు లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి గట్టిగా తెలిసినది తన ఇల్లే కావడం ఇంకో కారణం. ఆ ఇంట్లో పుట్టినందుకు బయట ఏమేం అనిపించుకోవాల్సి వచ్చిందో కూడా అప్పటికి బాగానే తెలిసి ఉంటుంది. కులం, భాష, ప్రాంతం, మతం, వలస, ఆడపిల్లగా పుట్టడం, వీటిలో ఏదో ఒకటి మొదటి సినిమాలోకి చొరబడుతుంది. తెలుగు కవిత్వంలో ఈ పని ముందే జరిగింది. ‘నీలి మేఘాలు’ (1993), ‘చిక్కనవుతున్న పాట’ (1995) సంకలనాలు వచ్చేనాటికే స్త్రీలు, దళితులు తామెవరో తమ నోటితో చెప్పుకున్నారు. కవితలో ‘నేను’ అంటే సరిపోతుంది. సినిమాలో ఆ ‘నేను’కి ఒక ముఖం, ఒక గది, ఒక గొంతు, ఒక యాస ఉండి తీరాలి. అవన్నీ తెర మీద ఉన్నాక కూడా తానెవరో సినిమా నోరు తెరిచి చెప్పాలా, చూపించి ఊరుకోవాలా అన్నది అసలు తగాదా.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. ఒకరు సోలాపూర్‌లో పుట్టిన తెలుగు పద్మశాలి అమ్మాయి. మొదటి షార్ట్ ఫిల్మ్ తీసి, రఫ్ కట్ ఉన్న హార్డ్ డిస్క్ పట్టుకుని హైదరాబాద్ వచ్చింది. రెండో ఆయన తెనాలి వైపు నుంచి వచ్చి చాలాకాలంగా ఇక్కడే పనిచేస్తున్న ఎడిటర్. ఇద్దరూ ఊహించినవాళ్ళే. వాళ్ళ వాదం మాత్రం ఎడిటింగ్ గదుల్లో ఎప్పుడూ వినిపించేదే.

సోలాపూర్ తూర్పు భాగం నిండా తెలుగు ఇళ్ళే. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నేతపనివాళ్ళు 19వ శతాబ్దం చివరినుంచి విడతలు విడతలుగా అక్కడికి వెళ్ళారు. చేతిమగ్గం నుంచి మరమగ్గానికి మారారు. సోలాపూర్ దుప్పటికి భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చిందంటే అందులో ఆ చేతుల వాటా పెద్దదే. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం, దసరా ముందు బతుకమ్మ. ఊళ్ళో వాళ్ళు ‘తెలుగోళ్ళు’. తెలంగాణలో చుట్టాల పెళ్ళికి వెళితే ‘సోలాపూర్ వాళ్ళు’.

రఫ్ కట్ నిడివి 19 నిమిషాలు. మొదట నల్ల తెర, దాని మీద దర్శకురాలి గొంతు. తర్వాత డ్రోన్‌తో తీసిన బతుకమ్మ. తర్వాత వాళ్ళ అమ్మ బీడీలు చుట్టడం, సందులో మరమగ్గాల చప్పుడు, చివర హైదరాబాద్ రైలు.

ఎడిటర్: మొదటి నిమిషంన్నర తీసేద్దామమ్మా. నల్ల తెర మీద నువ్వు ‘నేనెవరిని’ అని అడుగుతున్నావు. చూసేవాడికి నువ్వింకా కనబడనే లేదు. కనబడని మనిషి ఎవరైతే వాడికేంటి?

దర్శకురాలు: అడక్కపోతే బీడీల మీద డాక్యుమెంటరీ అనుకుంటారు సార్. నేను తీసింది బీడీల గురించి కాదు.

ఎడిటర్: అనుకోనీ, ఎంతసేపు అనుకుంటారు? అమ్మ చేతుల్ని నాలుగు నిమిషాలు కట్ లేకుండా తీశావు. ఆ షాట్ అయ్యేసరికి ఎవరి మనసులోనూ బీడీ ఉండదు.

ఆ షాట్‌లో అమ్మ ఒళ్ళో చాట ఉంది. చాటలో ఒక పక్క తంబాకు, ఒక పక్క రేకు ముక్క కొలత పెట్టి కత్తిరించిన తునికాకులు. ఆకుని ముందే నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచారు కాబట్టి మడతపెడితే చిట్లదు. ఎడమచేతి వేళ్ళ మీద ఆకు, దాని మీద చిటికెడు తంబాకు, రెండు బొటనవేళ్ళతో ఒక్క దొర్లింపు. సన్నటి కొసకి దారం చుట్టి తెంపుతుంది, వెడల్పు కొసని గోటితో లోపలికి నొక్కుతుంది. చూపు చేతుల మీద ఉండదు, గుమ్మం వైపు ఉంటుంది. ఇరవై ఐదుకి ఒక కట్ట. కూలి లెక్క వెయ్యికి ఇంత అని. కార్ఖానాలో బాగోలేవని పక్కన పడేసినవి ఆ లెక్కలోకి రావు. షాట్ మధ్యలో అమ్మ ఒక బీడీని విప్పి మళ్ళీ చుట్టింది. ఎందుకు విప్పిందో సినిమా చెప్పదు. కార్ఖానా భయం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఒక ప్రశ్న మిగులుతుంది.

ఎడిటర్ తన వైపు సాక్ష్యంగా తెచ్చింది షాంతాల్ అకెర్మాన్‌ని. అకెర్మాన్ 1968లో, 18 ఏళ్ళ వయసులో, బ్రస్సెల్స్‌లో తీసిన మొదటి సినిమా ‘సోత్ మా విల్’. నిడివి 13 నిమిషాలు, నలుపు తెలుపు. సినిమా బడిలో చేరి కొద్ది నెలల్లోనే మానేసిన పిల్ల అది. సినిమాలో ఉన్నది తనొక్కతే. అపార్ట్‌మెంట్ మెట్లెక్కి వంటింట్లోకి వస్తుంది, స్పగెటీ వండుకు తింటుంది, తలుపు సందులకి టేపు అంటిస్తుంది, పిల్లిని బయటికి తోసేస్తుంది, గిన్నెలూ సామాన్లూ నేల మీదికి విసిరి నీళ్ళు కుమ్మరించి తుడుస్తుంది. బూట్లకి పాలిష్ పెడుతూ పెడుతూ అదే బ్రష్‌తో కాలికీ పూసుకుంటుంది. చివరికి గ్యాస్ తిప్పి స్టవ్ మీదికి వాలుతుంది. పేలుడు వినిపిస్తుంది. సినిమా పొడుగునా మాటలు లేవు, ఏదో కూనిరాగం నడుస్తూ ఉంటుంది.

ఎడిటర్: ఆ పిల్ల ఎవరో ఎక్కడైనా చెప్పిందా? ఆడపిల్లకి వంటిల్లంటే ఏమిటో, ఆ పిల్లకి దాని మీద ఎంత కోపమో పదమూడు నిమిషాల్లో తెలిసిపోయింది. ఏడేళ్ళ తర్వాత తీసిన ‘జాన్ డీల్‌మన్’ మళ్ళీ వంటింట్లోనే, మూడు గంటల ఇరవై నిమిషాలు. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓట్లు లెక్కపెడితే ప్రపంచ సినిమాలన్నిటిలో దానికే మొదటి స్థానం వచ్చింది. మొదటి షార్ట్‌లో వేసిన విత్తనమే.

దర్శకురాలు: ఆవిడ చెప్పనిది ఇంకోటి ఉంది కదా సార్. వాళ్ళమ్మ ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. పోలండ్ నుంచి వచ్చిన యూదుల ఇల్లు. మొదటి సినిమాలో అదేమీ లేదు. అమ్మ రాసిన ఉత్తరాలు తెర మీద చదవడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. అమ్మతో వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాత రోజుల గురించి మాట్లాడించింది 2015లో వచ్చిన ఆఖరి సినిమాలో. అది బయటికి వచ్చేసరికి వాళ్ళమ్మ లేదు. మా అమ్మకి ఇప్పటికే నడుము పట్టేసింది, దగ్గు ఉంది. నేను ఆఖరి సినిమాదాకా ఆగలేను.

ఎడిటర్: అమ్మని చూపించొద్దని నేనన్లేదు. అమ్మ గురించి ఉపన్యాసం వద్దన్నాను.

దర్శకురాలు: ఉపన్యాసం కాదు సార్, ఒక్క సంగతి. ఈ చేతుల్ని చూసి ఇవి మగ్గం దగ్గర్నుంచి వచ్చిన చేతులని ఎవరైనా చెప్పగలరా? బీడీలు నిజామాబాద్‌లో చుడతారు, సిరిసిల్లలో చుడతారు, మధ్యప్రదేశ్ సాగర్‌లో చుడతారు, బెంగాల్ ముర్షిదాబాద్‌లో చుడతారు. అందరి చేతులూ ఇలాగే తిరుగుతాయి. సాలెవాళ్ళ ఆడపడుచులు సొంత ఊరు వదిలి ఇంత దూరం వచ్చి తంబాకు పట్టుకోవాల్సి వచ్చిందన్నది చేతుల్లో కనిపించదు.

ఇక్కడ అమ్మాయిదే పైచేయి. కెమెరాకి కనిపించేది ఇప్పుడు జరుగుతున్న పని. ఆ పని దగ్గరికి ఆ మనిషి ఎలా వచ్చి చేరిందన్నది దానికి కనిపించదు. అకెర్మాన్ వంటిల్లు ఏ వంటిల్లైనా కావచ్చు, ఆ సినిమా బలమే అది. వలస కథకి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడినుంచి, ఎందుకు అన్న రెండు సంగతులు ఎవరో ఒకరు చెప్పక తప్పదు. కాకపోతే చెప్పక తప్పదన్నది ఒప్పుకున్నంత మాత్రాన దర్శకురాలే చెప్పాలని తేలిపోదు. వాదం ఆ మలుపు తీసుకోవడానికి ఇంకొంత సమయం పట్టింది, ఎందుకంటే ముందు ఆమె తన ఊరి సాక్షిని పిలిచింది.

సినీ దర్శకుడు నాగరాజ్ మంజులేది సోలాపూర్ జిల్లా కర్మాళా తాలూకాలోని జేవూర్. పుట్టింది వడ్డెర కులంలో. మహారాష్ట్రలో స్థిరపడ్డ వడ్డెరలు ఇంట్లో మాట్లాడేది తెలుగు యాసే. అహ్మద్‌నగర్‌లో మీడియా కోర్సు చదివే రోజుల్లో ఆయన తీసిన మొదటి షార్ట్ ఫిల్మ్ ‘పిస్తుల్యా’. బడికి వెళ్ళాలని ఆశపడే పేదపిల్లాడి కథ. తొలి చిత్ర దర్శకుడిగా దానికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారాల జాబితాలో సినిమా భాష దగ్గర మరాఠీతో పాటు తెలుగు కూడా ఉంది. తెలుగు సినీ పరిశ్రమ లెక్కల్లోకి ఎన్నడూ రాని తెలుగు సినిమా అది. 2013లో ఆయన మొదటి పెద్ద సినిమా ‘ఫండ్రీ’ వచ్చింది.

దర్శకురాలు: ఆయన పేరు దాచుకున్నాడా? ఫండ్రీలో పందిని కట్టి మోసుకుపోతుంటే వెనక బడి గోడ మీద అంబేడ్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు. ఇంతకంటే గట్టిగా ఎవరు చెబుతారు?

ఎడిటర్: నువ్వే అన్నావు, గోడ మీద బొమ్మలని. ఎవరూ ఆ పేర్లు పలకలేదు. వాళ్ళు పందిని మోసుకుంటూ గోడ పక్కనుంచి పోయారు, అంతే. అదే సినిమాలో పందిని పట్టే ముందు బళ్ళోంచి జాతీయగీతం వినిపిస్తుంది. అందరూ ఉన్నచోటే నిలబడిపోతారు, పంది మాత్రం పారిపోతుంది. ఆ సీన్‌కి వాయిస్ ఓవర్ పెడితే ఏమయ్యేదో ఆలోచించు.

దర్శకురాలు: చివర్లో ఆ పిల్లాడు జబ్యా రాయి విసిరింది ఎవరి మీదికి?

ఎడిటర్: మన మీదికి.

దర్శకురాలు: మరి అది చెప్పడం కాదా సార్?

ఎడిటర్ దీనికి జవాబు చెప్పలేదు, టీ తెప్పించాడు. నిజానికి ఫండ్రీ ఇద్దరి వాదానికీ పనికొస్తుంది. అది కులాన్ని పేరు పెట్టి చూపిస్తుంది. చూపించేటప్పుడు ఏ పాత్ర నోటా వ్యాఖ్యానం పెట్టదు. ఆ సినిమా ఒక షార్ట్ ఫిల్మ్ తర్వాత వచ్చిందని, ఆ షార్ట్ ఫిల్మ్ కంటే ముందు ఆ దర్శకుడు మరాఠీలో కవిత్వం రాసి ఉన్నాడని గుర్తు పెట్టుకోవాలి. నేరుగా చెప్పుకోవాల్సిన మాటలు కొన్ని కవితల్లో ముందే ఖర్చయిపోయి ఉంటాయి. మొదటి పనే సినిమా అయినవాళ్ళకి ఆ అవకాశం ఉండదు. అందుకే వాయిస్ ఓవర్ వాళ్ళని అంతగా పిలుస్తుంది.

వాయిస్ ఓవర్ చెడ్డదేమీ కాదు. సెనెగల్ రచయిత ఉస్మాన్ సెంబెన్ నవలలు రాసి, చదువురాని తన జనానికి పుస్తకం అందదని సినిమా నేర్చుకోవడానికి మాస్కో వెళ్ళాడు. తిరిగొచ్చి 1963లో తీసిన ‘బోరోం సారెట్’ ఇరవై నిమిషాల లోపు సినిమా. డకార్‌లో గుర్రబ్బండి తోలేవాడి ఒక రోజు. ఎక్కినవాళ్ళలో చాలామంది డబ్బివ్వరు. వంశస్తుతి పాడేవాడు వచ్చి అతని తాతముత్తాతల గొప్పతనం పాడతాడు. బండివాడు మురిసిపోయి ఆ పూట సంపాదనంతా వాడి చేతిలో పెట్టేస్తాడు. మధ్యాహ్నం దాటాక, బండ్లు రాకూడని పై పేటలో పోలీసు ఆపుతాడు. కిందపడ్డ అతని పతకాన్ని బూటు కింద తొక్కిపెడతాడు, బండి లాగేసుకుంటాడు. సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికొస్తే భార్య పిల్లని అతని చేతుల్లో పెట్టి, రాత్రికి తిండి తెస్తానని బయటికి వెళ్ళిపోతుంది. తానెవరి వంశంవాడో అన్న గర్వం కడుపు నింపదని ఇంతకంటే సూటిగా తీసిన షార్ట్ ఫిల్మ్ అరుదు. ఆ సినిమా అంతటా బండివాడి మనసులో మాట వాయిస్ ఓవర్‌గా వినిపిస్తూనే ఉంటుంది. ఆ గొంతు సెంబెన్‌దే.

దర్శకురాలు: చూశారా, దర్శకుడి గొంతే.

ఎడిటర్: గొంతు దర్శకుడిది, మాట బండివాడిది. బండివాడు ‘నేనెవరిని’ అని అడగడు. ‘ఇవాళ కూడా డబ్బు రాలేదు’ అని లెక్క వేసుకుంటాడు. నీ వాయిస్ ఓవర్‌లో లెక్క ఏది?

దర్శకురాలు: ఆయన గొంతు ఫ్రెంచిలో ఉంది సార్. డకార్ బండివాడు తనలో తాను ఫ్రెంచిలో మాట్లాడుకుంటాడా?

ఎడిటర్: మాట్లాడుకోడు. అందుకే 1968లో ‘మందాబి’ వొలోఫ్‌లో తీశాడు. అంటే మొదటి సినిమాలో తప్పిపోయిందేమిటో ఆయనకి తెలుసన్నమాట.

ఇంకో ఉదాహరణ అమ్మాయికి ఎక్కువ దగ్గర. 1980ల చివర అమెరికాలోని మిల్వాకీలో సేడీ బెన్నింగ్‌కి తండ్రి ఒక బొమ్మ కెమెరా కొనిచ్చారు. తండ్రి జేమ్స్ బెన్నింగ్ కూడా సినిమాలు తీసే మనిషే. ఫిషర్ ప్రైస్ కంపెనీ పిల్లల కోసం 1987లో అమ్మిన ఆ కెమెరా మామూలు ఆడియో క్యాసెట్ మీద నలుపు తెలుపు బొమ్మ ఎక్కించేది. టేపు విపరీతమైన వేగంతో తిరిగేది కాబట్టి క్యాసెట్‌కి ఒక్కో వైపు కొద్ది నిమిషాలే వచ్చేవి. బొమ్మ గరుకుగా, చుక్కలు చుక్కలుగా ఉండేది. పనికిమాలిన కెమెరా అని చాలామంది పక్కన పెట్టేశారు. దాని లెన్సు మాత్రం కన్నుకో పెదవికో ఆనించినంత దగ్గరగా పెట్టినా పనిచేసేది. పదిహేను, పదహారేళ్ళ వయసులో బెన్నింగ్ తలుపేసుకుని పడగ్గదిలోనే వీడియోలు తీశారు. మొదటిదాంట్లో తన ముఖం చూపించడానికి కూడా వెనకాడి గదిని, కిటికీని, కాగితాల మీద రాసిన మాటలని చూపించారు. తర్వాతి వాటిలో ముఖం వచ్చింది, గొంతు వచ్చింది, ఆడపిల్లల్ని ప్రేమిస్తానన్న మాట వచ్చింది. 1993 నాటికి ఆ వీడియోలు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ప్రదర్శనకి చేరాయి.

దర్శకురాలు: నాకు కావలసింది ఇదే. పేరు చెప్పడం ధైర్యం సార్. చెప్పకుండా కళాత్మకంగా ఊరుకోవడం అందరికీ కుదరదు. ఎవరి పేరు అందరికీ ముందే తెలుసో వాళ్ళకే కుదురుతుంది.

ఎడిటర్: ఒప్పుకుంటాను. కానీ ఆ వీడియోల్లో గొంతు ఎక్కడుంది? గదిలో ఉంది. కెమెరాకి బెత్తెడు దూరంలో ఉంది. నీ గొంతు స్టూడియోలో ఉంది, ఏసీ గదిలో, మంచి మైకు ముందు. వార్తలు చదివినట్టుంది. నువ్వు సినిమాలో ఉండాలంటే ఉండు, వెళ్ళి అమ్మ పక్కన కూర్చో. కెమెరా వెనకాల నుంచి నువ్వడిగిన ప్రశ్నలు రికార్డయ్యాయి కదా, వాటిని ఎందుకు కోసేశావు?

దర్శకురాలు: నా తెలుగు బాగోలేదు వాటిలో.

ఇదీ అసలు గుట్టు. ఎడిటర్‌తో ఆమె మాట్లాడుతున్నది టీవీ తెలుగు, జాగ్రత్తగా ఏరుకున్నది. ఫోన్లో అమ్మతో మాట్లాడేది వేరు. రఫ్ కట్‌లో అమ్మ మాటల్ని కూడా ఒకచోట మళ్ళీ డబ్బింగ్ చేయించి పెట్టింది. షూటింగ్ రోజున అమ్మ అన్నది ‘గీ ఆకు మంచిగ లేదు, ఉద్యా మార్చుకొస్త’. డబ్బింగ్‌లో అది ‘ఈ ఆకు బాగోలేదు, రేపు మార్చుకొస్తాను’ అయింది. పెదవులు ఒకటి అంటుంటే గొంతు ఇంకొకటి అంటోంది. గది చప్పుడు పోయింది. పక్కింటి మరమగ్గం చప్పుడూ పోయింది.

ఎడిటర్: అమ్మ మాట తిరిగి పెట్టెయ్యి. ఉద్యా అన్నది మరాఠీ, గీ అన్నది తెలంగాణ. నిమిషంన్నర వాయిస్ ఓవర్ చెప్పలేనిది ఈ ఒక్క వాక్యం చెబుతోంది.

దర్శకురాలు: మీకు తేలిక సార్. మీ తెలుగు విని ఎవరూ నవ్వరు.

ఆమె మాటలో చరిత్ర ఉంది. తెలుగు తెర మీద హీరోకి కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష, రౌడీకీ హాస్యగాడికీ తెలంగాణ యాస అన్నది దశాబ్దాలపాటు ఎవరూ రాయకుండానే అమలైన నియమం. దానికి లొంగని 1979 నాటి ‘మా భూమి’ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టాల్సినవి. ఆ నియమం మారింది ఎక్కువగా చిన్న సినిమాల్లోనే. ‘పెళ్ళి చూపులు’ (2016) తీయకముందు తరుణ్ భాస్కర్ తీసిన ‘సైన్మా’ అనే షార్ట్ ఫిల్మ్‌లో పల్లెటూరి తెలంగాణ భాషే కథానాయకుల భాష. నవ్వు వస్తుంది, కానీ యాసని చూసి కాదు. తెలంగాణ యాసకి ఇప్పుడు థియేటర్లో చోటు దొరికింది. సోలాపూర్ తెలుగుకి, భివండీ తెలుగుకి, సూరత్ తెలుగుకి ఇంకా అంత దొరకలేదు. హైదరాబాద్‌లో చూసేవాళ్ళు నవ్వుతారన్న ఆమె భయం ఉత్తినే పుట్టింది కాదు. అయినా ఈ విషయంలో సరైన మాట ఎడిటర్‌దే. అస్తిత్వం మీద తీసిన సినిమాలో అమ్మ భాషని దిద్దడమంటే సినిమా ఎవరి మీద ఫిర్యాదు చేస్తోందో వాళ్ళ పనే చేసిపెట్టడం. పైగా పని కూడా సులువు. అసలు సౌండ్ హార్డ్ డిస్క్‌లోనే ఉంది, డబ్బింగ్ ట్రాక్ మ్యూట్ చేస్తే చాలు. కింద సబ్‌టైటిల్స్ వేస్తే తెలుగువాళ్ళతో సహా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

బతుకమ్మ దగ్గర పెద్ద వాదం జరగలేదు. డ్రోన్ షాట్ ఎవరి ఊరిదైనా కావచ్చని ఆమే ఒప్పుకుంది. దాని బదులు తంగేడు పూలు పేర్చే చేతుల షాట్ ఒకటి ఉంది, వేళ్ళకి తంబాకు మరకలతో. అది ఉంచారు.

పోటీ మళ్ళీ గట్టిగా వచ్చింది కార్ఖానా దగ్గర. అమ్మ ఒకచోట కూలి గురించి మాట్లాడుతుంది. ఏ కార్ఖానాకి చుడుతుందో పేరు చెబుతుంది, వెయ్యికి ఎన్ని తీసి పడేస్తారో చెబుతుంది. బీడీ కార్మికుల పని షరతుల మీద 1966లో ఒక చట్టం, సంక్షేమ నిధి మీద 1976లో ఇంకో చట్టం వచ్చాయి. బీడీ కార్డు ఉంటే వైద్యానికి, పిల్లల చదువుకి సాయం వస్తుంది. సోలాపూర్ బీడీ కార్మిక స్త్రీలు సంఘం కట్టి కొట్లాడినవాళ్ళు. కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుతో 10,000 ఇళ్ళ కాలనీ సాధించుకున్నారు. అంత జరిగినా ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు కార్ఖానా వాళ్ళని ఎదిరించి మాట్లాడడం ఇప్పటికీ తేలిక కాదు.

ఎడిటర్: సినిమాలో అన్నిటికంటే బలమైన మాట ఇదే. మొదట్లోనే పెడదాం.

దర్శకురాలు: ఇది తీసేయాలి సార్.

ఎడిటర్: ఇందాక పేరు చెప్పడం ధైర్యం అన్నావు.

దర్శకురాలు: నా పేరు చెప్పడం నా ధైర్యం. అమ్మ సోమవారం మళ్ళీ అదే కార్ఖానాకి వెళ్ళి ఆకు తెచ్చుకోవాలి. కెమెరా వెనక కూతురుంది కాబట్టి మాట్లాడింది. తెర ముందు ఎవరుంటారో అమ్మకి తెలియదు.

ఎడిటర్: పేరు వచ్చిన చోట సౌండ్ తీసేస్తే?

దర్శకురాలు: అమ్మకి చూపించి అడుగుతాను. ఊ అంటే ఉంచుదాం, లేకపోతే లేదు.

దీని మీద రెండో అభిప్రాయానికి చోటు లేదు. ఇంటివాళ్ళని పెట్టి తీసే మొదటి సినిమాలో ఒప్పందం కాగితం ఎవరూ రాయించుకోరు. అమ్మ కదా అనుకుంటారు. అమ్మ కాబట్టే అడగాలి, ఎందుకంటే కూతురు అడిగితే అమ్మ కాదనలేదు. షూటింగ్‌కి ముందు అడిగి ఊరుకుంటే సరిపోదు. ఎడిట్ అయ్యాక తాను ఎలా కనిపిస్తోందో చూపించి మళ్ళీ అడగాలి.

ఇక చివరి భాగం. సోలాపూర్ నుంచి హైదరాబాద్ వచ్చే రైలు కల్బుర్గి, వాడి, వికారాబాద్ మీదుగా వస్తుంది. ఆమె కిటికీలోంచి స్టేషన్ బోర్డులు తీసింది. సోలాపూర్ బోర్డు దేవనాగరిలో, కల్బుర్గి కన్నడంలో, వికారాబాద్ తెలుగులో. వాటి మీద ఆమె గొంతు ‘నేను రెండు చోట్లదాన్నీ, ఏ చోటుదాన్నీ కాను’ అంటుంది.

ఎడిటర్: బోర్డులు చెప్పేశాయి.

దర్శకురాలు: కన్నడ బోర్డు ఎందుకుందో తెలియనివాళ్ళకి?

ఎడిటర్: రైలు కర్ణాటక మీదుగా వస్తుందని తెలుస్తుంది. అంతకంటే వాళ్ళకి అక్కర్లేదు. ఆ వాక్యం నీది కాదమ్మా, వలస మీద వచ్చిన సినిమాలన్నిట్లో ఉంది. ‘ఉద్యా మార్చుకొస్త’ మీ అమ్మ ఒక్కతే అంది.

వాక్యం పోయింది. దానికి బదులు ఆమె ఇంకోటి సంపాదించుకుంది. నాలుగు నిమిషాల షాట్ తర్వాత నల్ల తెర మీద రెండు వరుసల అక్షరాలు, తాత ఏ ఊరి నుంచి ఏ పని కోసం సోలాపూర్ వచ్చాడో, మగ్గం ఎందుకు పోయిందో. విశేషణాలు లేవు. ఎడిటర్ అక్షరాలు వద్దని ఇంకాసేపు అన్నాడు, తర్వాత టైమ్‌లైన్‌లో వాటికి ఎనిమిది సెకన్లు ఇచ్చాడు. కెమెరా వెనక నుంచి ఆమె అమ్మని అడిగిన ప్రశ్నలు రెండు తిరిగి వచ్చాయి. మొత్తం నిడివి 12 నిమిషాలకి దిగింది. ఆస్కార్ నియమాల ప్రకారం టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల దాకా షార్ట్ ఫిల్మే. కానీ ఫెస్టివల్లో గంటన్నర ఆటకి ఏడెనిమిది సినిమాలు సర్దాల్సినవాళ్ళకి పన్నెండు నిమిషాలది ఎక్కడైనా పడుతుంది. ఎంట్రీ ఫారంలో భాష అన్న గడిలో ఆమె ముందు ‘తెలుగు’ అని రాసి, కాసేపాగి పక్కన ‘మరాఠీ’ అని కూడా రాసింది.

మిగిలింది టైటిల్ కార్డు. బీడీ కార్డు మీద అమ్మ పేరు మహారాష్ట్ర పద్ధతిలో ఉంది, ముందు తన పేరు, తర్వాత భర్త పేరు, చివర ఇంటిపేరు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందొస్తుంది. పద్మశాలి ఇంటిపేరు వినగానే తెలంగాణలో ఏ కులమో, ఒక్కోసారి ఏ ఊరో కూడా తెలిసిపోతుంది. రఫ్ కట్‌లో మాత్రం ఉత్త ‘అమ్మ’ అని ఉంది.

ఎడిటర్: ‘అమ్మ’ అని వేస్తే ఆవిడ నీకు మాత్రమే అమ్మ. పూర్తి పేరు వెయ్యి. పేరు చెప్పాలని పొద్దున్నించీ పోట్లాడుతున్నది నువ్వే కదా.

దర్శకురాలు: వేస్తాను. ఇంటిపేరు ముందు, తర్వాత అమ్మ పేరు. అంతే.

ఎడిటర్: కార్డులో మధ్యన నాన్న పేరుందన్నావు?

దర్శకురాలు: సినిమాలో నాన్న లేడు కదా సార్.

ఎడిటర్: నాన్నకి చెప్పావా?

దర్శకురాలు: షో రోజు చూస్తాడు.